ఫ్లష్ డ్రాను లెక్కతో ఆడటం ఎలా?

టెక్సస్ హోల్డెమ్ పోకర్‌లో మీ చేతిలో రెండు ఆఠీన్లు ఉండి, బల్ల మీద తెరిచిన మొదటి మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, మరో రెండు ఆఠీన్లు పడ్డాయనుకోండి. ఇంకొక్క ఆఠీను వస్తే అయిదూ ఒకే గుర్తు అయి ఫ్లష్ పూర్తవుతుంది. ఆ ఒక్కటీ రాకపోతే చాలాసార్లు చేతిలో ఒక జత కూడా మిగలదు. ఈ స్థితినే ఫ్లష్ డ్రా అంటారు. చూడటానికి అందంగా ఉంటుంది కాబట్టి దీన్ని వదులుకోవడానికి మనసొప్పదు. ఎదుటివారు ఎంత బెట్ (పందెం) వేసినా కాల్ చేస్తూ, అంటే అంతే మొత్తం తామూ కడుతూ, చివరి ముక్కదాకా వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. కొత్త ఆటగాళ్ల చిప్స్ ఎక్కువగా కరిగిపోయేది ఇక్కడే, ఎందుకంటే వారు ఒక ముక్క చూడటానికి రెండు ముక్కల ధర చెల్లిస్తుంటారు. ఈ మాటకు అర్థమేమిటో, ఆ అలవాటును ఎలా సరిదిద్దుకోవాలో వరుసగా చూద్దాం.

రమ్మీ ఆడి వచ్చినవారికి ఈ పొరపాటు మరీ సహజం. రమ్మీలో కావలసిన ముక్క కోసం ప్రతి వంతులోనూ కట్టలోంచి ఒకటి తీసుకోవచ్చు, దానికి విడిగా రుసుము ఉండదు. లెక్క అంతా ఆట ముగిశాక పాయింట్లలో తేలుతుంది. పోకర్‌లో తర్వాతి ముక్క చూడాలంటే చాలాసార్లు ముందే ధర కట్టాలి, పైగా ఆ ధరను నిర్ణయించేది ఎదుటివారు. మూడు ముక్కలాట అలవాటున్నవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడ వరుస కలర్‌ను కొడుతుంది, ఇక్కడ ఫ్లష్ (కలర్) స్ట్రెయిట్‌ను (వరుసను) కొడుతుంది. ముక్కలు మూడైనప్పుడు వరుస అరుదు, అయిదైనప్పుడు ఒకే గుర్తు అరుదు. 52 ముక్కల పేకలో అయిదు ముక్కల స్ట్రెయిట్‌లు 10,200 రకాలుగా ఏర్పడితే ఫ్లష్‌లు 5,108 రకాలుగానే ఏర్పడతాయి.

మొదలుపెట్టే ముందు చట్టం గురించి ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అందువల్ల ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ చిప్స్‌లోనే చెబుతున్నాను. ఇంట్లో స్నేహితులతో ఉత్త చిప్స్‌తో ఆడేవారికైనా, గోవా కాసినోలో బల్ల ముందు కూర్చునేవారికైనా, అమెరికాలో వారాంతంలో కార్డ్ రూమ్‌కు వెళ్లే తెలుగువారికైనా లెక్క మాత్రం ఒక్కటే.

మొదటి మెట్టు: ఫ్లాప్‌కు ముందే జాగ్రత్తపడండి

చేతికి వచ్చిన రెండు ముక్కలూ ఒకే గుర్తు అయినంత మాత్రాన వాటిని ఆడి తీరాలని లేదు. ఒకే గుర్తు ముక్కలతో ఫ్లాప్ చూసినప్పుడు ఫ్లష్ నేరుగా పడే అవకాశం 0.84 శాతం, అంటే సుమారు 119 సార్లకు ఒకసారి. ఫ్లష్ డ్రా దొరికే అవకాశం 10.9 శాతం, అంటే సుమారు తొమ్మిది సార్లకు ఒకసారి. మిగతా సందర్భాల్లో ఆ రెండు ముక్కలు తమ సొంత బలం మీద నిలబడాలి. ఒకే గుర్తు కావడం వల్ల చేతి బలం మామూలుగా రెండు మూడు శాతం పెరుగుతుంది, అంతకు మించి పెరగదు. కాబట్టి రాజు, 3 అనే చేతిని వేర్వేరు గుర్తులైతే వదిలేసి, రెండూ ఇస్పేట్లయితే పెద్ద రైజ్‌కు, అంటే బాగా పెంచిన బెట్‌కు, కూడా కాల్ చేసే ఆటగాడు, ఆ రెండు మూడు శాతానికి చాలా ఎక్కువ వెల కడుతున్నాడన్నమాట.

ఆసుతో కలిసిన ఒకే గుర్తు ముక్కలు, పక్కపక్క అంకెలైన ఒకే గుర్తు ముక్కలు, రెండు బొమ్మ ముక్కలు, ఈ మూడు తరహాల చేతులను ఎంచుకోండి. వీటికి ఫ్లష్ కాక వేరే దారి కూడా ఉంటుంది. వీలైనంతవరకు డీలర్ బటన్ దగ్గర, అంటే అందరి తర్వాత మాట్లాడే స్థానంలో ఉన్నప్పుడు ఆడండి. డ్రాతో చివర మాట్లాడే హక్కు ఎంత విలువైనదో కింద చాలాచోట్ల కనిపిస్తుంది.

రెండో మెట్టు: ఔట్స్‌ను నిజాయితీగా లెక్కపెట్టండి

ఇక నుంచి ఒకే ఉదాహరణను పట్టుకుని నడుద్దాం. మీరు బటన్ మీద ఉన్నారు. చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను 7. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను 9, కళావరు 4 పడ్డాయి. పేకలో ఆఠీన్లు 13, మీకు కనిపిస్తున్నవి 4, మిగిలినవి 9. మీకు పనికివచ్చే ముక్కలనే ఔట్స్ అంటారు కాబట్టి ఇక్కడ 9 ఔట్స్ ఉన్నాయి. మీరు చూడని ముక్కలు 47. తర్వాతి ముక్క, అంటే టర్న్, ఆఠీను అయ్యే అవకాశం 47లో 9, అంటే 19.1 శాతం. అది తప్పిపోతే చివరి ముక్క, అంటే రివర్, ఆఠీను అయ్యే అవకాశం 46లో 9, అంటే 19.6 శాతం. రెండు ముక్కలూ చూడగలిగితే కనీసం ఒకటైనా ఆఠీను అయ్యే అవకాశం 35 శాతం. బల్ల దగ్గర ఇంత గుణకారం అక్కర్లేదు: ఒక ముక్కకైతే ఔట్స్‌ను 2తో, రెండు ముక్కలకైతే 4తో హెచ్చిస్తే దాదాపు సరైన శాతం వస్తుంది. ఔట్స్ పన్నెండు దాటితే 4తో చేసిన గుణకారం కాస్త ఎక్కువ చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

అయితే ఆ తొమ్మిదీ ఒకే నాణ్యత గలవి కావు. ఆఠీను 4 పడితే మీకు ఫ్లష్ వస్తుంది, కానీ బల్ల మీద నాలుగుల జత కూడా ఏర్పడుతుంది. ఎదుటివారి దగ్గర మూడు రాజులో మూడు తొమ్మిదులో ఉంటే వారికి అదే ముక్కతో ఫ్లష్‌ను కొట్టే ఫుల్‌హౌస్, అంటే ఒకే అంకె ముక్కలు మూడు, వాటితో పాటు ఒక జత, వచ్చేస్తుంది. అలాంటి సెట్ ఎదురుగా ఉన్నప్పుడు మీ ఫ్లష్ పూర్తయిన తర్వాత కూడా రివర్‌లో బల్ల జతపడి ఓడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, 35 శాతం అనుకున్న అవకాశం నిజానికి 25 శాతం దగ్గరకు దిగిపోతుంది. ఫ్లాప్‌లోనే జత ఉంటే ఈ కోత ఇంకా ఎక్కువ. అలాంటి బల్ల మీద ఎదుటివారు ఉత్సాహంగా రైజ్ చేస్తుంటే ఫ్లష్ డ్రాకు నేను పెద్ద విలువ ఇవ్వను.

లెక్క పైకి పోయే సందర్భాలూ ఉన్నాయి. ఎదుటివారి దగ్గర ఉన్నది రాజుల జత మాత్రమే అయితే, మీకు ఆసు పడినా గెలుస్తారు. మిగిలిన మూడు ఆసులనూ కలిపితే 12 ఔట్స్, రెండు ముక్కలు చూస్తే 45 శాతం. కాని వారి చేతిలో ఆసు, రాజు ఉంటే ఆ ఆసులు మీకు పనికిరావు. అందుకే వాటిని పూర్తి ఔట్స్‌గా కాక సగం సగంగా లెక్కించడం మంచి అలవాటు. రెండువైపులా తెరిచివున్న స్ట్రెయిట్ డ్రా (వరుసగా నాలుగు అంకెలుండి, ఏ చివర ఒకటి పడినా వరుస పూర్తయ్యే స్థితి) కూడా ఫ్లష్ డ్రాతో కలిస్తే మొత్తం 15 ఔట్స్. అప్పుడు ఫ్లాప్ మీద 54 శాతం అవకాశం మీదే, ఇంకా ఏమీ తయారుకాని చేయి అయినా అప్పటికే జత ఉన్నవారికంటే మీరే ముందున్నట్టు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఫ్లష్ పూర్తయితే అది ఎంత పెద్ద ఫ్లష్? పై ఉదాహరణలో ఆసు మీ దగ్గరే ఉంది కాబట్టి మిమ్మల్ని మించిన ఫ్లష్ ఎవరికీ రాదు. దీన్నే నట్ ఫ్లష్ అంటారు. అదే మీ చేతిలో ఆఠీను 6, ఆఠీను 5 ఉంటే, ఫ్లష్ పూర్తయిన రోజే మీ చిప్స్ అన్నీ పోయే రోజు కూడా కావచ్చు. మూడు ఆఠీన్లు బల్ల మీద, రెండు మీ చేతిలో ఉండగా, ఎవరో ఒక్క ప్రత్యర్థికి ఊరికే పంచిన రెండు ముక్కలూ ఆఠీన్లయ్యే అవకాశం 3 శాతం లోపే. కాని ప్రత్యర్థులు ఊరికే పంచిన ముక్కలతో అక్కడిదాకా రారు. ఒకే గుర్తు ముక్కలను ఏరుకుని ఆడేవారే వస్తారు, ముగ్గురు నలుగురు కలిసి వస్తారు. కాబట్టి చిన్న ఫ్లష్ డ్రాలను ఎక్కువమంది ఉన్న పాట్‌లో, అంటే అందరి పందేలూ చేరే కుప్పలో, ఆచితూచి ఆడండి. ఓమాహా ఆటలోకి వెళ్లినప్పుడు ఈ జాగ్రత్త నాలుగింతలు కావాలి; అక్కడ ప్రతివారికీ నాలుగు ముక్కలు ఉంటాయి కాబట్టి నట్ కాని ఫ్లష్ డ్రా కోసం పెద్ద బెట్లకు కాల్ చేయకపోవడమే మేలు.

మూడో మెట్టు: ఎన్ని ముక్కలకు ధర కడుతున్నారో అడగండి

పాట్‌లో 600 చిప్స్ ఉన్నాయి. మీకూ ప్రత్యర్థికీ చేతిలో చెరి 2,000 మిగిలి ఉన్నాయి. ప్రత్యర్థి 300 బెట్ వేశారు. ఇప్పుడు పాట్ 900 అయింది, మీరు 300 కడితే మొత్తం 1,200 అవుతుంది. మీరు కట్టే 300 ఆ 1,200లో నాలుగో వంతు, కాబట్టి నష్టం లేకుండా ఉండాలంటే మీరు కనీసం 25 శాతం సార్లు గెలవాలి. ఈ నిష్పత్తినే పాట్ ఆడ్స్ అంటారు.

చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. నాకు 35 శాతం ఉంది కదా, 25 చాలు కదా అనుకుని ధీమాగా కాల్ చేస్తారు. కాని ఆ 300 కొనిపెట్టేది ఒక్క టర్న్ ముక్కను మాత్రమే. టర్న్ తప్పిపోయాక ప్రత్యర్థి మళ్లీ బెట్ వేస్తే, రివర్ చూడటానికి మళ్లీ ధర కట్టాలి. కాబట్టి ఇంకా బెట్టింగ్ మిగిలి ఉన్నప్పుడు సరిపోల్చుకోవలసిన అంకె 35 కాదు, 19. దీన్ని 47 సార్ల లెక్కగా చూస్తే కళ్లకు కట్టినట్టుంటుంది. ఇదే స్థితిలో 47 సార్లు కాల్ చేస్తే, సగటున 9 సార్లు ఆఠీను పడి 900 చొప్పున 8,100 వస్తాయి; 38 సార్లు పడక 300 చొప్పున 11,400 పోతాయి. తేడా 3,300. అంటే ముందుముందు ఇంకేమీ రాబట్టలేకపోతే ప్రతి కాల్‌కూ మీరు సుమారు 70 చిప్స్ జారవిడుచుకుంటున్నట్టు.

ఇదే లెక్కను కొన్ని బెట్ పరిమాణాలకు ముందే గుర్తుపెట్టుకుంటే బల్ల దగ్గర తడబాటు ఉండదు. పాట్‌లో పావు వంతు బెట్‌కు కాల్ చేయాలంటే 16.7 శాతం, మూడో వంతుకు 20 శాతం, సగానికి 25 శాతం, మూడింట రెండు వంతులకు 28.6 శాతం, పూర్తి పాట్‌కు 33.3 శాతం గెలుపు కావాలి. ఒక్క ముక్క కోసం 9 ఔట్స్‌తో నష్టం లేకుండా కట్టగలిగిన బెట్ పాట్‌లో 31 శాతం దాకా మాత్రమే. అంతకు మించినదేదైనా భవిష్యత్తులో వచ్చే చిప్స్ మీద ఆధారపడిన అప్పు లాంటిది.

35 శాతం అనే అంకెను నిశ్చింతగా వాడుకోగల సందర్భం ఒకటుంది: ఫ్లాప్ మీదే ఎవరో ఒకరు ఆల్‌-ఇన్ అయిపోయి, అంటే తన చిప్స్ అన్నీ పెట్టేసి, ఇక బెట్టింగ్ మిగలనప్పుడు. అప్పుడు ఒకే ధరకు రెండు ముక్కలూ చూస్తారు. పాట్ 600 ఉండగా ప్రత్యర్థి తన చివరి 600 పెట్టేస్తే 33.3 శాతం కావాలి, మీకు 35 ఉంది. తొమ్మిది ఔట్సూ నికరమైనవని నమ్మకం ఉంటే కాల్ చేయవచ్చు. ఒక ఔట్ చెడిపోయి ఎనిమిదే మిగిలినా అవకాశం 31.5 శాతానికి తగ్గి, అదే కాల్ నష్టంలో పడుతుంది. అంచులోని నిర్ణయాలు ఇంత సన్నగా ఉంటాయి కాబట్టే ఔట్స్ లెక్కలో నిజాయితీ గురించి అంత సేపు చెప్పాను.

నాలుగో మెట్టు: ముందుముందు ఎంత వస్తుందో అంచనా వేయండి

పై లెక్కలో లోటు 3,300. దాన్ని ఫ్లష్ పడే 9 సార్లకు పంచితే ఒక్కోసారికి 367 చిప్స్. అంటే, ఫ్లష్ పడిన ప్రతిసారీ ప్రత్యర్థి నుంచి సగటున ఇంకో 367 అయినా రాబట్టగలననే నమ్మకం ఉంటే 300కు కాల్ చేయడం సమంజసమే. ఇలా తర్వాత వచ్చే చిప్స్‌ను కలుపుకుని చూసే లెక్కను ఇంప్లైడ్ ఆడ్స్ అంటారు. కాల్ తర్వాత పాట్ 1,200 ఉంటుంది, ప్రత్యర్థి దగ్గర 1,700 మిగులుతాయి. రాజుల జతను అంత సులభంగా వదలని మనిషైతే 367 పెద్ద మొత్తం కాదు. కాబట్టి మన ఉదాహరణలో కాల్ సరైనదే.

అయితే ఈ అంచనాను మూడు విషయాలు తలకిందులు చేయగలవు. ప్రత్యర్థి దగ్గర చిప్స్ మిగలకపోతే మీరు రాబట్టేదేమీ ఉండదు. ఎదుటివారి స్టాక్ చూడకుండా డ్రాకు కాల్ చేయడం జేబు చూసుకోకుండా హోటల్‌లో ఆర్డర్ ఇవ్వడం లాంటిదే. రెండోది, మూడో ఆఠీను పడగానే బల్ల చూసి భయపడి వదిలేసే జాగ్రత్తపరుడైతే మీ ఫ్లష్ గెలుస్తుంది కాని అదనంగా చిప్స్ రావు. ఫ్లష్ అందరికీ కనిపించే చేయి, స్ట్రెయిట్‌లా దాగి ఉండదు. మూడోది, మీది చిన్న ఫ్లష్ అయితే ఈ లెక్క వెనక్కి తిరుగుతుంది: చిన్న చేతులన్నీ పారిపోయి, పెద్ద ఫ్లష్ మాత్రమే మీకు కాల్ చేస్తుంది. ఆఠీను 6, 5తో అదే 300 కట్టవలసి వస్తే, ఆ 367ను ఆశించే ముందు మరో రెండుసార్లు ఆలోచించండి.

చివర మాట్లాడే స్థానం ఇక్కడ నేరుగా చిప్స్‌గా మారుతుంది. మీరు ముందు మాట్లాడవలసి ఉంటే, ఫ్లష్ పడినప్పుడు బెట్ వేస్తే వారు వదిలేయవచ్చు, చెక్ చేస్తే, అంటే బెట్ వేయకుండా వంతు దాటిస్తే, వారూ చెక్ చేసేయవచ్చు. చివర మాట్లాడేవారైతే వారి బెట్‌ను చూసి పెంచవచ్చు, వారు చెక్ చేస్తే మీరే వేయవచ్చు, డ్రా తప్పినప్పుడు ఉచితంగా తర్వాతి ముక్క చూడవచ్చు.

అయిదో మెట్టు: కాల్ చేయడానికి బదులు పెంచవలసిన వేళ

ఇంతవరకు గెలవడానికి ఒకే దారి ఉందనుకున్నాం, ఆఠీను పడాలి. మీరే బెట్ వేసినా, రైజ్ చేసినా రెండో దారి తెరుచుకుంటుంది: ఎదుటివారు వదిలేయవచ్చు. వదలకపోయినా మీకు 9 ఔట్స్ ఉండనే ఉన్నాయి. దీన్నే సెమీ బ్లఫ్ అంటారు. అంటే పూర్తిగా ఉత్తచేతులతో బెదిరించడం కాదు, వెనకాల కొంత సరుకు ఉంచుకుని బెదిరించడం.

మన ఉదాహరణలోనే ప్రత్యర్థి 300 బెట్ వేయగా మీరు 2,000తో ఆల్‌-ఇన్ అయ్యారనుకుందాం. వారు వదిలేస్తే పాట్‌లోని 900 వెంటనే మీవి. వారు కాల్ చేస్తే మొత్తం పాట్ 4,600 అవుతుంది. అందులో మీ 35 శాతం వాటా 1,610, మీరు పెట్టినది 2,000, కాబట్టి సగటున 390 నష్టం. 900 లాభాన్నీ 390 నష్టాన్నీ తూకం వేస్తే, ప్రత్యర్థి పదింట మూడుసార్లు వదిలేస్తే చాలు, మీకు నష్టం ఉండదు; అంతకు మించి వదిలే ప్రతిసారీ లాభమే. కాల్ చేసే చేతుల్లో రాజుల జతలు ఎక్కువగా ఉండి మీ ఆసులు కూడా ఔట్సేనని తేలితే వాటా 45 శాతానికి పెరిగి, వారు ఎన్నడూ వదలకపోయినా లెక్క సమంగా నిలుస్తుంది. అదే వారు కేవలం సెట్‌తోనే కాల్ చేసే మనిషైతే మీ వాటా 25 శాతానికి తగ్గి నష్టం 850 అవుతుంది. అప్పుడు వారు దాదాపు సగంసార్లు వదలాలి. అలాంటి బిగుతైన మనిషి సగానికి మించే వదులుతాడు కాబట్టి అక్కడ కూడా రైజ్ చెడ్డదేమీ కాదు.

కాని ఈ లెక్కంతా ప్రత్యర్థికి వదిలేసే గుణం ఉందన్న ఊహ మీద నిలబడింది. స్నేహితుల ఇంటి ఆటల్లో రాజుల జత వచ్చినవారు చివరిదాకా వదలరు, పందెం చిప్స్ మాత్రమే అయితే మరీ వదలరు. అలాంటి చోట సెమీ బ్లఫ్ మానేసి, చవగ్గా ముక్కలు చూసి, ఫ్లష్ పడ్డాక గట్టిగా బెట్ వేయడమే మంచిదని నా అభిప్రాయం. పాట్‌లో ముగ్గురు నలుగురు ఉన్నప్పుడూ అంతే. ఒక్కరిని భయపెట్టవచ్చు కాని, అందరూ ఒకేసారి భయపడటం అరుదు.

ఆల్‌-ఇన్ ఒక్కటే దారి కాదు. చివరి స్థానంలో ఉన్నప్పుడు ప్రత్యర్థి 300ను 900కు పెంచితే, వారు కాల్ చేసినా టర్న్‌లో జాగ్రత్తగా చెక్ చేసే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆఠీను పడకపోతే మీరూ చెక్ చేసి రివర్‌ను ఉచితంగా చూడవచ్చు. ఫ్లాప్‌లో కాస్త ఎక్కువ కట్టి, టర్న్‌లో అంతకంటే పెద్ద ధరను తప్పించుకున్నట్టు. ఎదుటివారు తిరిగి రైజ్ చేసే తరహా అయితే మాత్రం ఈ ఎత్తు మీ మీదికే తిరిగి వస్తుంది.

ఆరో మెట్టు: టర్న్ తప్పినప్పుడు

ఫ్లాప్‌లో 300కు కాల్ చేశారు, పాట్ 1,200 అయింది, టర్న్‌లో డైమండు 2 పడింది. మీ అవకాశం 35 నుంచి 19.6 శాతానికి పడిపోయింది, కాని చేతిలో ముక్కలు అవే కాబట్టి మనసు దాన్ని గమనించదు. ప్రత్యర్థి ఇప్పుడు 800 బెట్ వేశారు. కాల్ చేస్తే 2,800 పాట్‌లో 800, అంటే 28.6 శాతం కావాలి. 46 సార్ల లెక్క వేస్తే, 9 సార్లు 2,000 చొప్పున 18,000 వస్తాయి, 37 సార్లు 800 చొప్పున 29,600 పోతాయి. లోటు 11,600, ఫ్లష్ పడిన ఒక్కోసారికి ఇంకా 1,289 రాబట్టాలి. ప్రత్యర్థి దగ్గర మిగిలినవి 900 మాత్రమే. వారు ప్రతిసారీ ఆ మొత్తమంతా ఇచ్చేసినా లోటు తీరదు. ఆసులు కూడా నికరమైన ఔట్సేనని గట్టిగా నమ్మకం ఉంటే 12 ఔట్స్‌తో 26 శాతం అవుతుంది, అప్పుడు ఆలోచించవచ్చు. ఆ నమ్మకం లేకపోతే వదిలేయాలి.

అప్పటికే పెట్టిన 300 గురించి ఇక్కడ ఆలోచించకండి. అవి పాట్‌వి, మీవి కావు. రమ్మీలో చేయి కుదరదని తేలాక ఫుల్ కౌంట్ దాకా లాగకుండా మిడిల్ స్కూటు కొట్టే, అంటే మధ్యలోనే ఆట వదిలేసే, ఆటగాడికి ఈ క్రమశిక్షణ కొత్తేమీ కాదు. ప్రత్యర్థి 800కు బదులు 300 వేసి ఉంటే 16.7 శాతమే కావాలి కాబట్టి సంతోషంగా కాల్ చేయవచ్చు. వారు చెక్ చేస్తే మీరూ చెక్ చేసి ఉచితంగా చూడవచ్చు. నిర్ణయాన్ని మార్చేది ముక్కల అందం కాదు, అడుగుతున్న ధర.

ఏడో మెట్టు: ఫ్లష్ పూర్తయ్యాక

నట్ ఫ్లష్ పడితే బెట్ వేయండి. దాచిపెట్టి చెక్ చేయడం తెలివిగా అనిపిస్తుంది కాని, రెండు జతలో సెట్టో పట్టుకున్న ప్రత్యర్థి ఆ క్షణంలో కట్టడానికి సిద్ధంగా ఉంటాడు. రివర్‌లో నాలుగో ఆఠీను పడితే అతడే చేతులు ముడుచుకుంటాడు, బల్ల జతపడితే మిమ్మల్ని కొట్టేస్తాడు. పాట్‌లో మూడింట రెండు వంతుల బెట్ చాలా సందర్భాలకు సరిపోతుంది. డ్రా కోసం ఇంతసేపు ధర కట్టింది ఈ ఒక్క బెట్‌కు కాల్ రావడం కోసమే.

మధ్యరకం ఫ్లష్ అయితే, ఉదాహరణకు మీ చేతిలో పెద్దది ఆఠీను 8 అయితే, టర్న్‌లో బెట్ వేయడం అవసరమే, ఎందుకంటే ఒకే ఒక్క పెద్ద ఆఠీను పట్టుకున్నవారి దగ్గర ధర వసూలు చేయాలి. బల్ల మీద మూడు, మీ చేతిలో రెండు పోగా ఇంకా 8 ఆఠీన్లు మిగిలి ఉంటాయి. రివర్‌లో నాలుగోది పడే అవకాశం 17.4 శాతం. అది పడితే ఆఠీను ఆసో రాణో ఒంటరిగా పట్టుకున్నవారు కూడా మిమ్మల్ని దాటిపోతారు, కాబట్టి చెక్ చేసి, చిన్న బెట్ వస్తే కాల్ చేయండి, పెద్ద బెట్ వస్తే వదిలేయండి. నాలుగోది పడకుండా రివర్ వచ్చి, మీ బెట్ మీద ఎప్పుడూ బ్లఫ్ చేయని మనిషి పెద్ద రైజ్ చేస్తే కాల్‌తో సరిపెట్టండి. మళ్లీ పెంచితే మీకంటే చిన్న చేయి ఏదీ మీకు సమాధానం చెప్పదు.

ఎనిమిదో మెట్టు: రివర్ కూడా తప్పిపోతే

తప్పిన ఫ్లష్ డ్రాతో చివర్లో బ్లఫ్ చేయాలనే కోరిక చాలా బలంగా ఉంటుంది, ఎందుకంటే గెలవడానికి ఇక వేరే దారి లేదనిపిస్తుంది. కాని ఆలోచించండి: రివర్‌లో మీ బ్లఫ్‌కు తేలిగ్గా వదిలేసేవారు ఎవరు? డ్రా తప్పినవారే. మీ చేతిలోనే రెండు ఆఠీన్లు ఉన్నాయి కాబట్టి ఎదుటివారి దగ్గర తప్పిన ఆఠీను డ్రా ఉండే అవకాశం అందుకే తగ్గింది. వారి దగ్గర మిగిలినవి జతలూ అంతకు మించిన చేతులూ, అవి అంత సులభంగా కదలవు. ఆసుతో తప్పిన డ్రా అయితే చెక్ చేసి ముక్కలు చూపడం మేలు, తప్పిన చిన్న డ్రాల మీద అది అప్పుడప్పుడు గెలుస్తుంది కూడా. దీనికి విరుద్ధమైన స్థితి బ్లఫ్‌కు చాలా మంచిది: బల్ల మీద మూడు ఆఠీన్లు పడ్డాయి, మీకు ఫ్లష్ లేదు, కాని ఆఠీను ఆసు ఒక్కటి మీ దగ్గర ఉంది. ఎదుటివారి దగ్గర నట్ ఫ్లష్ లేదని మీకు ఖాయంగా తెలుసు, మీ దగ్గర లేదని వారికి తెలియదు.

ఇంట్లో చేయవలసిన సాధన

ఈ అంకెలు చదివితే అర్థమవుతాయి, చేతిలోకి రావాలంటే పేక కావాలి. ఒక పేక తీసుకుని ఆఠీను ఆసు, 7 ఒకవైపు, ఆఠీను రాజు, 9, కళావరు 4 మరొకవైపు పెట్టండి. మిగిలిన 47 ముక్కలనూ బాగా కలిపి పైనుంచి రెండు తెరవండి. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, మొదటి ముక్కే ఆఠీను అయితే మొదటి వరుసలో, రెండింట్లో ఏదో ఒకటైనా అయితే రెండో వరుసలో గుర్తు పెట్టండి. మళ్లీ కలపండి, మళ్లీ తెరవండి. 50 సార్లు చేసేసరికి మొదటి వరుసలో సుమారు తొమ్మిది పది, రెండో వరుసలో పదిహేడు పద్దెనిమిది గుర్తులు కనిపించాలి; అటూ ఇటూ కొన్ని తేడా ఉండటం మామూలే. ఆ తర్వాత అదే 50 సార్లనూ ప్రతిసారీ 300 కట్టి 900 కోసం ఆడినట్టు మొదటి వరుస మీద లెక్క వేయండి, ఆపైన పాట్ 600 మీద 600 ఆల్‌-ఇన్‌కు కాల్ చేసినట్టు రెండో వరుస మీద లెక్క వేయండి. ఏ వరుసను ఎక్కడ వాడాలో అప్పుడు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.